తొమ్మిదో బొంత

క్లింట్‌బీ, పాస్టరు ఇల్లు
1658 మార్చి 21

ఒరే మోగెన్స్,

చేతిలో ఉన్న కూజా పక్కన పెట్టి, కూర్చుని చదువు.

మీ బావ పోయాడు. జ్వరం వచ్చి పదకొండు రోజులు మంచంలో ఉన్నాడు. నీళ్లమీద ఇంకా మంచు ముక్కలు తేలుతున్నాయని పడవలేవీ కదల్లేదు, అందుకే ఈ కబురు నీకింత ఆలస్యంగా చేరుతోంది. ఏడవాల్సింది నేను ఏడ్చేశాను, నువ్వు ఏడ్చుకో.

యుద్ధం అయిపోయిందని, ఓడిపోయామని నీకూ తెలిసే ఉంటుంది. సముద్రం ఉంది కదా, స్వీడన్‌వాళ్లు ఎలా వస్తారని మనవాళ్లు ధీమాగా కూర్చున్నారు. సముద్రం గడ్డకట్టింది, వాళ్లు గుర్రాలతో సహా దానిమీద నడిచి వచ్చేశారు. మన రాజుగారు ఫిబ్రవరి ఆఖరి శుక్రవారంనాడు ఈ స్కోనె నేలంతా వాళ్లకి రాసిచ్చేశారట. మీ బావ శనివారం పొద్దున పోయాడు. పోయేముందు ఆయన నా చెయ్యి పట్టుకుని, "బోయెల్, ఇక వెళ్లనా?" అని అడిగాడు. రాజుగారు ఆ ఒక్క ముక్కా అడగలేదు.

ఇప్పుడు మా వంటింటి కిటికీలోంచి చూస్తే నీ హెల్సింగోర్ ఊరు, కోట, నీ సత్రం పొగగొట్టం కనిపిస్తాయి. అదంతా పరదేశమట. నేను పొయ్యి దగ్గర నుంచి అడుగు కూడా కదపలేదు, దేశమే నన్ను వదిలేసి వెళ్లిపోయింది.

అసలు సంగతి వేరే ఉంది. మా పాస్టరు ఇళ్ల ఆచారం తలుచుకుని నువ్వు చాలాసార్లు నవ్వావు కదా, ఇప్పుడు నవ్వు. చనిపోయిన పాస్టరు స్థానంలోకి వచ్చేవాడు ఆయన విధవను పెళ్లి చేసుకోవాలి. ఇల్లు, ఆవు, రొట్టెల పొయ్యి, మూడు మంచాలు, నేను, అన్నీ కలిపి ఒకే మూట. అతను నన్ను వద్దంటే అతనికి స్థానం పోతుంది, మళ్లీ పాస్టరును ఎంచుకునే హక్కు మా ఊరి ఏడుగురు పెద్దలకి వస్తుంది. నేను అతన్ని వద్దంటే నాకు ఇల్లు పోతుంది. నాకున్న గడువు ఒక ఏడాది. అంతవరకు పాటల పంతులు పాల్లె చర్చిలో పుస్తకం చదువుతాడు.

నిన్న ఈ మండలం పెద్ద పాస్టరు వచ్చి, కొత్త గవర్నరుగారు ఒక సైన్యపు పాస్టరును పంపుతున్నారని చెప్పాడు. స్వీడన్‌వాడు. స్వీడన్ భాషలో ఉన్న ఆరాధన పుస్తకం చంకలో పెట్టుకుని వస్తాడట. మన భాష పుస్తకం పెట్టెలోకి, వాడు నా ఇంట్లోకి.

నాకు నలభై ఒక్క ఏళ్లు. పిల్లలు లేరు, భయం అంతకన్నా లేదు. ఈ ఇల్లు వదలను, ఆ పుస్తకాన్ని పెట్టెలోకి పోనివ్వను. నేను వద్దనను. వాడి చేతే వద్దనిపిస్తాను, చూస్తూ ఉండు.

నీకన్నా ఆరేళ్లు పెద్దది, ఆరు రెట్లు మొండిది,
బోయెల్


హెల్సింగోర్, మూడు కొంగల సత్రం
1658 ఏప్రిల్ 9

అక్కా,

కూర్చునే చదివాను. లేవడానికి చాలాసేపు పట్టింది. బావ నాతో ఎప్పుడు పేకాడినా ఓడిపోయేవాడు, ఒక్కసారి కూడా మొహం మాడ్చుకోలేదు. అలాంటి పాస్టరు ఇంకొకడు దొరకడు. మీ మరదలు ఎల్లినె నీకోసం నల్ల శాలువా అల్లుతోంది.

ఇక ఆ స్వీడన్‌వాడి సంగతి. నీకు మతి పోయిందా? వాడి చేత వద్దనిపించడమేమిటి? నువ్వే వద్దని మొహంమీద తలుపెయ్యి! ఇల్లు పోతే పోనీ. నా సత్రంలో మేడమీద కిటికీ గది నీది. నువ్వు ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ వాడు నీ తలుపు తడుతూనే ఉంటాడు. నువ్వు గనక స్వీడన్‌వాడి చెయ్యి పట్టుకుంటే ఈ ఒడ్డున నీకు తమ్ముడు లేడని అనుకో. కోపంలో రాస్తున్న మాట కాదు. రెండు కూజాలు తాగి, ఆలోచించి రాస్తున్నాను.

ఇక్కడ మాకేం భయం లేదు. క్రోన్‌బోర్గ్ కోట ఉంది, ఫిరంగులున్నాయి. స్వీడన్‌వాడు నా గుమ్మం తొక్కాలంటే టోపీ తీసి, బీరు అడిగి, తాగి, మర్యాదగా పోవాలి.

నీకోసం ఒక ఏర్పాటు చేశాను. ఒక డచ్చి నావికుడు ఇక్కడ తన దుర్భిణి మర్చిపోయి పోయాడు. దాంతో మేడమీదనుంచి చూస్తే మీ ఇంటి ముందు రాళ్లగోడ నా అరచేతిలో ఉన్నట్టుంది, నిన్న నీ ఆవు కూడా కనిపించింది. ఆపద ఏదన్నా వస్తే నీ ఎర్ర బొంత ఆ గోడమీద ఆరెయ్యి. నీ పెళ్లికి అమ్మ కుట్టిందే. పెళ్లిరోజున మన ఆచారం ప్రకారం ఇంట్లో ఉన్న బొంతలన్నీ గోడమీద పరిచి, ఎర్రదాన్ని సరిగ్గా మధ్యలో వేసి, పక్కకి జరిగిందని అమ్మ రెండుసార్లు నన్ను గోడ ఎక్కించింది, గుర్తుందా? ఆ బొంత కనబడిన గంటలో నేను పడవలో ఉంటాను.

ఉత్తరాలు పడవవాడు ట్రూయెల్స్ చేతికే ఇవ్వు. వాడు తాగుతాడు గానీ చదవలేడు.

నీ తమ్ముడు (ప్రస్తుతానికి)
మోగెన్స్


క్లింట్‌బీ
1658 జూన్ 17

ప్రస్తుతానికి తమ్ముడికి,

ఎల్లినె పంపిన శాలువా అందింది. వెచ్చగా ఉంది. నీ ఉత్తరం కూడా వెచ్చగానే ఉంది, దాన్ని పొయ్యిలో వేశాను.

వచ్చాడురా. పేరు ఆంబియోర్న్. స్వీడన్ అడవుల్లో తారు కాచేవాడి ఎనిమిదో కొడుకట. ఎండిపోయిన పొడుగు మనిషి, కుంటుతాడు. గుమ్మంలో తల తగిలించుకుని, తగిలిన దూలానికి క్షమాపణ చెప్పాడు.

మొదటిరోజే మొదలుపెట్టాను. మీ బావ కుర్చీ చూపించి, "మా ఆయన ఇందులోనే పోయారు" అన్నాను. (అబద్ధమే, దేవుడు క్షమిస్తాడు.)

"అయితే మెత్తగానే ఉండి ఉంటుందండీ" అని కూర్చున్నాడు.

పీపా అడుగున మిగిలిన హెరింగ్ చేప వడ్డించాను. దాని వాసనకి పిల్లి బయటికి పోయింది. అతను తినేసి, "ఇంకో ముక్క ఉందాండీ?" అన్నాడు. ఉప్పులేని బార్లీ గంజి పోశాను, గిన్నె నాకినంత శుభ్రంగా తాగాడు. ఇక లాభం లేదని, "నేను గురక పెడతాను. పక్కింటివాళ్లు కూడా లేచి కూర్చుంటారు" అన్నాను.

"రెండేళ్లు ఫిరంగుల పక్కన పడుకున్నానండీ పాస్టరమ్మగారూ. నిశ్శబ్దంగా ఉంటేనే నాకు నిద్ర రాదు" అన్నాడు.

ఏమనాలిరా ఇలాంటివాడిని? "ఇంత కంపు చేప తిని ఇక్కడే ఎందుకు పడి ఉన్నారు? మీ ఊరికి మీరు పోవచ్చు కదా?" అని అడిగేశాను. "గడ్డకట్టిన సముద్రం మీద నడిచి వచ్చానండీ. నా ముందున్న గుర్రాలు రెండు మంచు పగిలి లోపలికి పోయాయి. నా కాలివేళ్లు రెండు అక్కడే వదిలేశాను. వెనక్కి వెళితే నాకోసం ఎదురుచూసేది తారు కుండ ఒక్కటే" అన్నాడు. ఆ పూట గంజిలో ఉప్పు వేశాను. పొరపాటున.

చర్చిలో మాత్రం ఊరంతా ఒక్క తాటిమీద ఉంది. ఆదివారంనాడు అతను స్వీడన్ పుస్తకం తెరిచి పాట ఎత్తుకోగానే, పాల్లె పంతులు మన పాట ఎత్తుకున్నాడు. అతను గొంతు పెంచాడు. చేపలవాళ్లంతా కలిసి ఇంకా పెంచారు. చివరికి పైకప్పు మీద పావురాలు లేచిపోయాయి. బయటికి వచ్చాక, "పంతులుగారూ, నేను వేరే పాట మొదలుపెట్టాను కదా" అని అతను అంటే, పాల్లె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఆఁ? వానా? రాదులెండి" అన్నాడు. పాల్లెకి చెవుడు సగమే, అవసరమైనప్పుడు పూర్తిగా వస్తుంది.

గడువు ఫిబ్రవరి దాకా ఉంది. ఎవరు ముందు వద్దంటారో చూద్దాం.

నీ అక్క (ఎప్పటికీ)
బోయెల్


హెల్సింగోర్
1658 ఆగస్టు 8

పాస్టరమ్మగారికి,

నిన్న పొద్దున దుర్భిణితో చూశాను. మీ రాళ్లగోడ ఈ చివరనుంచి ఆ చివరదాకా బొంతలు. నీలం చారలది, పసుపుది, ఆకుపచ్చది, అన్నీ. ఎనిమిది లెక్కపెట్టాను. నమ్మలేక ఎల్లినె చేత కూడా లెక్కపెట్టించాను. నీలమూ పసుపూ పక్కపక్కనే వేశావు, స్వీడన్ జెండాలాగా! సిగ్గయినా లేదా?

పెళ్లి శుభాకాంక్షలు. నీ కిందటి ఉత్తరంలోనే నాకు అనుమానం వచ్చింది. మూడు పేజీలు రాస్తే రెండు పేజీలు వాడి గురించే. వాడి కాలివేళ్ల సంగతి కూడా రాశావు. నా పిల్లలు ఎలా ఉన్నారని ఒక్క ముక్క లేదు.

స్వీడన్ ఓడలు మళ్లీ బయల్దేరాయని రేవులో ఏదో అంటున్నారు, ఊసుపోక కబుర్లు. సంధి కాగితం మీద తడి కూడా ఆరలేదు, మళ్లీ ఎందుకొస్తారు? నాకు వినే ఓపిక కూడా లేదు.

ట్రూయెల్స్ మూడు రోజులుగా ఇక్కడే తాగి పడి ఉన్నాడు. వాడు నీ ఒడ్డుకి వస్తే ఈ కాగితం ఇస్తాడు. ఇదే ఆఖరు.

మోగెన్స్, సత్రం యజమాని


క్లింట్‌బీ
1658 నవంబరు 8

గాడిదా,

మూడు నెలలుగా ఈ ఒక్క మాట దాచిపెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు కాస్త హాయిగా ఉంది.

పెళ్లి కాదురా అది! ఆగస్టు మొదట్లో మా ఇంట్లో ఆరుగురు రౌతుల్ని దించారు. వాళ్లు తిని తాగి, "ఇంకో పది రోజుల్లో క్రోన్‌బోర్గ్ కోటలో భోజనం చేస్తాం" అని కేకలేశారు. ఒడ్డున ఉన్న దిబ్బమీదికెక్కి చూస్తే పక్క రేవులో పడవల్లోకి ఫిరంగులు ఎక్కిస్తున్నారు. సంధి కాగితాన్ని వాళ్లు ఎడంచేత్తో తుడిచేశారు. మా ఒడ్డునుంచి ఒక్క పడవను కూడా కదలనివ్వలేదు. నీకు కబురెలా పంపను? ఎర్ర బొంత కోసం పెట్టె తెరిస్తే అది లేదు. ఒక రౌతు దాన్ని గుర్రం వీపున కప్పి పట్టుకుపోయాడు. అమ్మ కుట్టిన బొంత గుర్రం వీపుమీద!

ఏం చెయ్యను? ఉన్నవన్నీ వేశాను. ఒక్కటి వేస్తే కనబడదేమోనని ఎనిమిదీ వేశాను. పెళ్లిలా ఉంటుందని నాకూ తెలుసు. మధ్యలో ఎర్రది లేకుండా ఏ పెళ్లయినా జరిగిందా, నా తమ్ముడికి ఆ మాత్రం బుర్ర ఉంటుంది, ఎర్రది ఏమైందని అడుగుతాడు అనుకున్నాను. నువ్వు రంగులు చూశావు, లెక్కపెట్టావు, ఎల్లినె చేత కూడా లెక్కపెట్టించావు. లేనిదాన్ని మాత్రం చూడలేదు. ఎల్లినెని, పిల్లల్ని కోపెన్‌హాగెన్ పంపడానికి నీకు వారం రోజులుండేది.

నీ కోట వాళ్ల చేతికి చిక్కిన రోజున నేను ఇదే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. నీ సత్రం పొగగొట్టంలోంచి పొగ వస్తోందా లేదా అని చూడడం తప్ప మూడు రోజులు ఇంకే పనీ చెయ్యలేదు. నాలుగో రోజు పొగ వచ్చింది. అప్పుడు ఏడ్చాను, ఆ తర్వాత నీ ఉత్తరం గుర్తొచ్చి మళ్లీ తిట్టుకున్నాను. పోయిన నెల మనకి సాయంగా డచ్చి ఓడలు వచ్చి స్వీడన్ ఓడల్ని చితక్కొట్టినప్పుడు ఊరంతా దిబ్బమీదికెక్కి అరిచాం. కానీ నీ ఊరు మాత్రం వాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. ఇప్పుడు రెండు ఒడ్డులూ వాళ్లవే. మనిద్దరిదీ మళ్లీ ఒకే దేశం అయింది, సంతోషమేనా?

ఈ ఉత్తరం ఆంబియోర్న్ తెస్తున్నాడు. కోపెన్‌హాగెన్ ముట్టడికి అతని దళాన్ని పిలిచారు. వెళ్లేముందు నా షరతు చెప్పాను. "చచ్చేదాకా మా భాష పుస్తకమే చదువుతానని ఊరి ముందు ఒట్టు వెయ్యండి, అప్పుడు ఆలోచిస్తాను" అన్నాను. "గవర్నరుగారు ఊరుకోరండీ" అన్నాడు. "గవర్నరుగారిని నేను పెళ్లాడడం లేదు కదా" అన్నాను. బూట్లు తొడుక్కుని బయల్దేరాడు.

అతన్ని కొట్టకు. కొట్టినా కుంటికాలు మీద కొట్టకు.

బోయెల్


హెల్సింగోర్
1659 జనవరి 12

అక్కా,

గాడిదనే. ఎల్లినె రోజూ గుర్తు చేస్తోంది, నువ్వు కూడా మళ్లీ రాయనక్కర్లేదు.

నా సత్రంలో పధ్నాలుగు మంది స్వీడన్ సైనికులు. టోపీ తియ్యరు. బల్లలన్నీ నరికి పొయ్యిలో వేశారు. నీ కిటికీ గదిలో వాళ్ల నాయకుడు బూట్లతో పడుకుంటాడు. కానీ అక్కా, నేను కూడా మనిషినే. వాళ్లకి పోసే బీరులో సగం బావి నీళ్లు. అడిగితే "యుద్ధం కదండీ, బార్లీ ఎక్కడిది?" అంటాను. అసలు పీపాలు పందుల దొడ్డి కింద పాతిపెట్టాను. మీ మరదలు ఊళ్లోవాళ్ల పిల్లలకి వంటింట్లో మన పాటలు నేర్పుతోంది, రోజూ, సైనికులకి వినబడేలా. నాయకుడు ఒకసారి అరిచాడు. "వంట పాటలండీ, ఇవి పాడకపోతే పులుసు విరిగిపోతుంది" అంది.

నీవాడు వచ్చాడు. (రాసేశాను, కొట్టెయ్యను.) నేను కూజా విసిరాను. తగల్లేదు, గోడకి తగిలింది. అతను కిందకి వంగి ముక్కలన్నీ ఏరి బల్లమీద పెట్టాడు. తర్వాత రొట్టె ముందు పెట్టుకుని ప్రార్థన చేశాడు, మన భాషలో. దేవుడికి కూడా అర్థమై ఉండదు అక్కా, అంత ఘోరంగా చేశాడు. పక్కన ఉన్న సైనికులు పొట్ట పట్టుకుని నవ్వారు. అయినా ఆపలేదు. నాకు చిరాకొచ్చి మూడు మాటలు సరిదిద్దాను. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"మా అక్క పెట్టిన కంపు చేప తిన్నావట" అన్నాను.

"పదకొండు సార్లండీ" అన్నాడు.

"ఆ స్థానం కోసమేనా?"

"మొదటి మూడుసార్లు" అన్నాడు.

ఇది విన్నాక నాకు ఏం రాయాలో తెలియడం లేదు. చేసుకోకు అని రాయాలని కూర్చున్నాను. ఆ బూట్లవాడు నా నెత్తిమీద టకటకా నడుస్తుంటే, వాడి జాతివాడిని చేసుకోమని నా చెయ్యి ఎలా రాస్తుంది? చేసుకోకు అక్కా. అతను మంచివాడే అయినా సరే, చేసుకోకు. నీకు చెప్పి లాభం లేదని తెలుసు, అయినా రాశాను.

తమ్ముడు
మోగెన్స్


క్లింట్‌బీ
1659 మార్చి 15

ఒరే తమ్ముడూ,

గడువు తీరిపోయింది. నిన్న చర్చిలో పంచాయితీ జరిగింది. గెలిచాను. ఎంత కోపంగా ఉందో చెప్పలేను.

కోపెన్‌హాగెన్ వాళ్లు స్వీడన్ సైన్యాన్ని గోడలమీదనుంచి వేడినీళ్లు పోసి తరిమారని విన్నావుగా. ఊరు నిలబడింది! ఆంబియోర్న్ పోయినవారం తిరిగొచ్చాడు. ప్రాణం ఉంది, ఎడమ చెవి సగం లేదు. చంకలో స్వీడన్ పుస్తకం లేదు. దానికి బదులు ఒక మూట. విప్పి చూస్తే, మోగెన్స్, అమ్మ కుట్టిన ఎర్ర బొంత. ముట్టడి గుడారాల్లో ఒక గుర్రం వీపున చూశాడట. నేను తిట్టిన తిట్లు గుర్తుండి, ఆ రౌతుకి తన బూట్లిచ్చి తీసుకున్నాడట. మధ్యలో నిప్పురవ్వ పడి, పిడికిలి పట్టేంత కన్నం కాలింది. గుర్రం వాసన ఇంకా పోలేదు.

పంచాయితీ రోజున మండలం పెద్ద పాస్టరు గవర్నరుగారి ఉత్తరం చదివాడు. ఏడుగురు పెద్దలూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను నా షరతు చెప్పాలని లేచి నిలబడ్డాను. నోరు తెరవకముందే ఆంబియోర్న్ లేచాడు. కాళ్లకి చెక్కచెప్పులు. మన భాషలో, నువ్వు సరిదిద్దిన ఉచ్చారణతో, ఇలా అన్నాడు: "గవర్నరుగారు ఇచ్చిన స్థానం నాకొద్దండీ. గవర్నరుగారు ఇచ్చిన ఇల్లాలు నాకొద్దండీ. ఇప్పుడు పాస్టరును ఎంచుకునే హక్కు మీ ఏడుగురిదీ."

చేపలవాళ్లంతా కేకలేశారు. పాల్లె పంతులు గంట కొట్టడానికి పరిగెత్తాడు. పెద్ద పాస్టరు మొహం బీట్‌రూట్ అయింది. ఇల్లు నాది, పుస్తకం మనది. ఏడాదిపాటు వద్దనిపించాలని నేను పడ్డ పాట్లన్నీ ఫలించాయి.

మరి నాకెందుకు కోపం? ఎందుకంటే నన్నెవరు అడిగారు? రాజు నన్ను అడక్కుండా స్వీడన్‌కి ఇచ్చాడు. గవర్నరు నన్ను అడక్కుండా అతనికిచ్చాడు. ఇతను నన్ను అడక్కుండా నాకు నన్నే తిరిగి ఇచ్చేశాడు. మంచి మనసుతోనే చేశాడు, ఒప్పుకుంటాను. వద్దనేముందు నాతో ఒక్క మాట అనాలా వద్దా? నేను ఏం చెప్పడానికి లేచానో వినాలా వద్దా? బయట దొరకబుచ్చుకుని ఇదే అడిగాను. "మీరు అవునంటారని భయపడ్డానండీ. అలా అయితే అది గవర్నరుగారి మాట చెల్లినట్టవుతుంది" అన్నాడు. "అది తేల్చుకోవాల్సింది నేను!" అని అరిచాను. ఆవు కూడా తలెత్తి చూసింది.

అతని సైన్యపు కొలువు ఊడింది. ఊరి చివర పాల్లె గుడిసెలో ఉంటున్నాడు. వలలు బాగుచేస్తాడట, కన్నాలు ఇంకా పెద్దవి చేస్తున్నాడని ట్రూయెల్స్ తిడుతున్నాడు. నేను మాట్లాడ్డం మానేశాను.

బోయెల్


హెల్సింగోర్
1660 జూన్ 8

అక్కా! అక్కా! అక్కా!

వెళ్లిపోయారు! పధ్నాలుగు మందీ! బూట్లవాడు కూడా! సంధి అయింది, వాళ్ల రాజు చలికాలంలోనే పోయాడు, మా ఒడ్డు మాకు తిరిగొచ్చేసింది. పందుల దొడ్డి తవ్వి పీపాలు బయటికి తీశాను. రేవులో అందరికీ ఊరికే పోశాను. ఏడాదిగా పడవల్లేక, నీ ఉత్తరం ఒక్కటీ లేక, నీ గోడ చూసి బతికాను.

తర్వాత సంధి కాగితం చదివి వినిపించారు. బోర్న్‌హోల్మ్ దీవి మనకి తిరిగొచ్చింది. అక్కడివాళ్లు ఎవరి సాయమూ లేకుండా తిరగబడి స్వీడన్‌వాళ్లని తరిమేశారు కదా. స్కోనె మాత్రం వాళ్లకేనట. శాశ్వతంగా. నేను పీపా మూత మూసేశాను.

మన రాజు నిన్ను రెండోసారి కూడా వదిలేశాడక్కా. ఇక నువ్వెందుకు అక్కడ? వచ్చెయ్. కిటికీ గది కడిగించాను, బూట్ల మరకలు పోయేదాకా ఎల్లినె ఇసుకతో రుద్దింది. ఆ ఇల్లు నీది కాదు, ఆ నేల మనది కాదు. ఈ నీళ్లు దాటి వచ్చెయ్. ఇప్పుడు దాటడానికి కూడా ముద్ర వేసిన కాగితం కావాలట, నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.

నీకోసం చూస్తూ,
మోగెన్స్


క్లింట్‌బీ, పాస్టరు ఇల్లు
1660 జూలై 16

తమ్ముడూ మోగెన్స్,

రాను.

నీమీద కోపం కాదు. కిటికీ గది రుద్దిన ఎల్లినె చేతులకి దణ్ణం పెట్టానని చెప్పు. కానీ ఈ నేల మనది కాదని రాశావు చూడు, అక్కడ నా కడుపు మండింది. మీ బావ ఇక్కడే ఉన్నాడు. నేను ఇక్కడే ఉన్నాను. కాగితం మీద ఎవరు ఎవరికి రాసుకుంటే ఏం? ఇక్కడ మాట్లాడేది మేము.

పాల్లె పంతులు ఫిబ్రవరిలో పోయాడు. ముసలాయన చివరిదాకా మన పుస్తకమే చదివాడు, ఆఖరి ఆదివారం ఇద్దరు పట్టుకుని నిలబెడితే చదివాడు. ఆయన్ని మట్టి చెయ్యడానికి పాస్టరు లేడు. పెద్ద పాస్టరు మంచు పడుతోందని రానన్నాడు. ఏడుగురు పెద్దలూ గోతి దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు ఆంబియోర్న్ చెక్కచెప్పులతో ముందుకొచ్చి, పాల్లె పుస్తకం తెరిచి చదివాడు. కుక్క గడ్డి నమిలినట్టు చదివాడు, ఏడాది పాల్లె గుడిసెలో నేర్చుకున్నా అంతే వచ్చింది. కానీ ఒక్కరు కూడా అతని గొంతుమీద గొంతు పెంచలేదు. పాట ఎత్తుకోగానే అందరూ అందుకున్నారు. నేను కూడా.

పోయిన నెల సెయింట్ జాన్ పండగనాడు ఏడుగురు పెద్దలూ చర్చి దొడ్లో కూర్చుని పాస్టరును ఎంచుకున్నారు. పాత హక్కులన్నీ అలాగే ఉంచుతామని సంధిలో రాశారు కదా, ఆ కాగితమే గవర్నరుకి చూపించారు. పంపినవాడిని వద్దని, వద్దన్నవాడినే కావాలని అడిగారు. షరతు ఒక్కటే, చచ్చేదాకా మన భాష పుస్తకం. ఊరి ముందు చెయ్యెత్తి ఒట్టు వేశాడు. గవర్నరుగారికి వేరే తలనొప్పులు చాలా ఉన్నాయి, సంతకం పెట్టి పంపేశాడు. రేపు ఇంకో గవర్నరు వచ్చి కాదంటే ఏం చేస్తారని అడుగుతావు. రానీ. మాకు గొంతులున్నాయి.

ఆ సాయంత్రమే ఆంబియోర్న్ మా గుమ్మం ముందుకొచ్చాడు. లోపలికి రాలేదు. టోపీ తీసి, దూలానికి దూరంగా నిలబడి, "పాస్టరమ్మగారూ, ఆచారం సంగతి మీకు తెలుసు. నేను ఆచారం కోసం రాలేదు, అడగడానికి వచ్చాను. కిందటిసారి అడగలేదు, తప్పయింది. మీరు వద్దంటే నేనే వద్దన్నానని పెద్దలకి చెప్పి స్థానం వదులుకుంటాను. ఇల్లు మీకే ఉంటుంది. మీ మాట ఏమిటండీ?" అన్నాడు.

"ఆలోచించి చెబుతాను" అని తలుపేశాను.

మొదటి వారం పెద్దల భార్యలు ఒక్కొక్కరే గుడ్లు, వెన్న పట్టుకుని వచ్చి కబుర్లాడిపోయారు. రెండో వారం చేపలవాళ్లు వలలు వదిలేసి మా కిటికీ వైపు చూడడం మొదలుపెట్టారు. ట్రూయెల్స్ తాగడం మానేశాడు, అంత కంగారుపడ్డాడు. మూడో వారం పెద్ద పాస్టరు బండి కట్టుకుని వచ్చి, "ఏమ్మా, ఎన్నాళ్లు?" అన్నాడు. "స్కోనె నేలంతా ఒక్క శుక్రవారంలో ఇచ్చేశారు కదండీ, నేను ఒక్క మనిషిని, కాస్త ఎక్కువ పడుతుంది" అన్నాను. ఆంబియోర్న్ మాత్రం ఒక్కసారి కూడా వచ్చి అడగలేదు. రోజూ మా గోడ దగ్గరికి వచ్చి, పడిపోయిన రాళ్లు సర్ది వెళ్లేవాడు.

నిన్న జవాబు చెప్పాను.

ఈ నెల ఇరవై తొమ్మిదో తారీఖు, ఆదివారం. ముద్ర కాగితమో ఏదో సంపాదించి, పిల్లల్ని, ఎల్లినెని, నీళ్లు కలపని పీపా ఒకటి పట్టుకుని రా. రానంటే నీ ఇష్టం, ఈ ఒడ్డున నీకు అక్క ఎప్పుడూ ఉంటుంది. బయల్దేరేముందు మేడెక్కి ఒకసారి దుర్భిణితో చూడు. బొంతలు ఈసారి సరిగ్గా లెక్కపెట్టు. తొమ్మిది ఉంటాయి. ఎర్రది మధ్యలో ఉంటుంది, కాలిన కన్నంతో సహా. కుట్టమని ఆంబియోర్న్ సూదీ దారం తెచ్చాడు, నేనే కుట్టలేదు. యుద్ధం ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో అందరూ చూడాలి.

రాజు మమ్మల్ని రెండుసార్లు ఇచ్చేశాడు, ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను మాత్రం అడిగారు మోగెన్స్. మూడు వారాలు గుమ్మం బయట నిలబెట్టి జవాబు చెప్పాను.

నీ అక్క,
బోయెల్